ఉమాకాంత్ మీద ఒట్టు

చిక్కడపల్లి,
2025 మార్చి 9

చిరంజీవి బాలకిషన్‌కు,

అక్క దీవెనలు. ములాఖాత్‌కు వస్తే జాలీ పట్టుకుని అరిచావు. పక్కనున్నవాళ్లు తమ మాటలు ఆపి మనల్ని చూశారు. నేను అడగాల్సింది అడగలేకపోయాను. అందుకే రాస్తున్నాను. ఉత్తరాలు జైలు ఆఫీసులో చదివాకే నీ చేతికి ఇస్తారట. చదవనీ. నేను రాసేవన్నీ జరిగినవే.

ప్రేమ్‌సాగర్ బతికాడు. ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. కుడి మోకాలి చిప్ప ముక్కలైంది. కింది దవడ విరిగింది. పళ్లను తీగతో కలిపి కట్టారు, గొట్టంతో పాలు తాగుతున్నాడు. అతను పోయి ఉంటే నీ మీద హత్య కేసు ఉండేది. ఇప్పుడు హత్యాయత్నం. వకీలు దీన్ని మంచి వార్త అన్నాడు.

మన చిన్నోడు ఉమాకాంత్ పోయి ఈరోజుకు నెల. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ నుంచి వాడి పుస్తకాల సంచి పంపారు. అమ్మ దాన్ని విప్పలేదు.

సైకిల్ మన మెట్ల కింద ఉంది. వికారాబాద్ పోలీసులు ప్రమాదం కేసు రాసుకుని, ఫోటోలు తీసుకుని ఇచ్చేశారు. ముందు చక్రం, దాన్ని పట్టుకునే ఫోర్కు, హ్యాండిల్ ఒక ముక్క. మిగతాదంతా ఇంకో ముక్క. అమ్మ వాటి మీద దుప్పటి కప్పింది.

నా ఎడమ చేతికి కట్టు ఉంది. మెట్ల మీద జారాను. రాసేది కుడి చేత్తోనే కాబట్టి ఇబ్బంది లేదు.

ఆ రోజు ప్రేమ్‌సాగర్ సైకిల్ దుకాణంలో ఏం జరిగిందో పోలీసులు రాసింది చదివాను. నువ్వు చెప్పేది వినలేదు. చెప్పు.

ఉదయశ్రీ


జైలు,
మార్చి 20

అక్కా,

వకీలు ఏమీ రాయొద్దన్నాడు. అడిగింది నువ్వు కాబట్టి రాస్తున్నాను.

డౌన్‌హిల్ సైకిల్ కావాలని ఉమాకాంత్ రెండేళ్లు నా వెంట పడ్డాడు. గుట్ట మీది నుంచి రాళ్లలో, మలుపుల్లో కిందికి దూకించే సైకిల్. కొత్తది మనవల్ల అయ్యేది కాదు. నారాయణగూడలో ప్రేమ్‌సాగర్ దగ్గర బయటి దేశం నుంచి వచ్చిన పాతది దొరికింది. నా మోటార్‌సైకిల్ అమ్మి కొన్నాను. తరవాత కొంచెం కొంచెంగా భాగాలు మార్చాను. బ్రేకులు బర్కత్‌పురలో ఆట మానేసిన ఒకతని దగ్గర తీసుకున్నాను. టైర్లు కోఠిలో దొరికాయి. ఫోర్కు బెంగళూరు నుంచి పార్శిల్‌లో వచ్చింది, నువ్వూ చూశావు. పోటీల్లో వాడే పొడుగు ఫోర్కు. మామూలు ఫోర్కు ఫ్రేము మెడ కిందే ఆగిపోతుంది. దీని కాళ్లు హ్యాండిల్ దాకా వెళ్తాయి, మెడకు కిందా పైనా రెండు పట్టీలతో బిగుస్తాయి. ఆ రోజు ఉమాకాంత్ దాన్ని మంచం పక్కన పెట్టుకుని పడుకున్నాడు. పెద్ద ఫోర్కు ఉంటే కుదుపునంతా అదే మింగుతుంది, వాడికి దెబ్బ తగలదనుకున్నాను. అన్నీ నా చేత్తోనే బిగించాను.

వాడు పోయిన రోజు వికారాబాద్ గుట్ట కింద ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాను. వాడు బండరాయి మీది నుంచి ఎగిరాడు. ముందు చక్రం నేలకు తగలగానే ఇనుప మంచం విరిగినట్టు చప్పుడైంది. హ్యాండిల్, చక్రం ఒక పక్కకు పోయాయి. వాడు ఫ్రేము మీదే ఉన్నాడు. చిరిగిన గొట్టం మట్టిలో దిగింది, వాడు ఛాతీతో రాయి మీద పడ్డాడు. నేను వెళ్లేసరికి నోట్లోంచి నురగతో రక్తం వస్తోంది. "అన్నా, బండి మంచిగుందా?" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

ఫ్రేము కింది గొట్టం మీద పులి స్టిక్కర్ సగం ఊడి ఉంది. దాని కింద గీత కనబడింది. పగులు మీద స్టిక్కర్ అంటించి మనకు అమ్మాడు.

వాడి దినాలయ్యాక దుకాణానికి వెళ్లాను. "అయ్యో బాలకిషన్ అన్నా, ఇన్న... జర కూసో" అన్నాడు. కూర్చోలేదు. పెడల్ విప్పే పొడుగు పానా బల్ల మీద ఉంది. మొదటి దెబ్బ మోకాలి మీద వేశాను, పరుగెత్తకుండా. రెండోది దవడ మీద, అబద్ధం ఆడకుండా. నేల మీద పాకుతుంటే కాలు పట్టి వెనక్కి లాగాను. పక్క షాపులవాళ్లు నా మీద పడి పట్టుకునేదాకా ఆపలేదు.

పని సగంలో ఆగింది. బయటికి వచ్చాక మిగతా సగం చేస్తాను. ఇది కూడా ఆఫీసువాళ్లు చదవనీ.

ఫోర్కుకు గీత కూడా పడలేదు. దాన్ని అమ్మి వకీలుకు ఇవ్వు.

బాలకిషన్


నారాయణగూడ,
ఏప్రిల్ 12

బాలకిషన్‌కు,

మా ఎక్స్‌రే సెంటర్‌లో డ్యూటీలో ఉండి రాస్తున్నాను. చేతికి కట్టున్నా ఎక్స్‌రే తీయడానికి మనిషి లేక పిలిపించారు. పొద్దున చక్రాల కుర్చీలో ప్రేమ్‌సాగర్ వచ్చాడు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఫోటో కావాలని రాసిచ్చారు. కుర్చీ తోసుకొచ్చింది అతని భార్య ఆమని. నా కోటు మీద పేరు చదివింది.

"ఉదయశ్రీ... చిక్కడపల్లా మీది?"

"అవును."

"బాలకిషన్ అక్కవా?"

"అవును."

"నువ్వు ముట్టకు. ఇంకెవర్నన్న పిలువు."

"ఇయాళ నేనొక్కదాన్నే ఉన్న, అక్కా. సాయంత్రం దాక ఆగుతరా?"

ప్రేమ్‌సాగర్ బిగించిన పళ్ల సందులోంచి "తియ్యనియ్యి" అన్నాడు.

"మీ తమ్ముడు ఇరగ్గొట్టిన సామానే ఇది. మంచిగ చూస్కో," అంది ఆమని. అప్పుడే నా కట్టు చూసి మొహం తిప్పుకుంది.

కాలు పక్కకు తిప్పాను. పళ్లు కట్టేసి ఉన్న మనిషి కేక వేస్తే ఎలా ఉంటుందో ఈరోజే విన్నాను. గొంతులోనే ఉండిపోతుంది. ఫిల్మ్‌లో చిప్ప ముక్కల మీద తీగ, మేకులు కనబడ్డాయి. ఇక ఆ కాలు పూర్తిగా మడవలేడు.

ఆమని బిల్లు కట్టడానికి వెళ్లినప్పుడు, ఉమాకాంత్ ఆస్పత్రికి తెచ్చేదాకా ప్రాణంతో ఉన్నాడా అని అడిగాడు. లేడన్నాను. "కోచింగ్ ఇడిసిపెట్టి నా దుకాణంల కూసునెటోడు. పొమ్మంటే పోకపోయేటోడు," అన్నాడు. స్టిక్కర్ గురించి అడిగాను. "నేను అంటియ్యలే. రంగు మీద గీత ఉందని, నా డబ్బాలకెల్లి పులిది ఏరుకొని వాడే అంటించుకుండు," అన్నాడు.

ఫోర్కు గురించి కూడా ఒక మాట చెప్పాడు. అది నిజమో కాదో చూశాకే నీకు రాస్తాను.

ఉదయశ్రీ


జైలు,
ఏప్రిల్ 24

అక్కా,

నువ్వు మెట్ల మీద జారలేదు.

రాంనగర్ నుంచి కొత్తగా ఒకడు మా బ్యారక్‌కు వచ్చాడు. ప్రేమ్‌సాగర్ బావమరిది రమాకాంత్ మన ఇంటి మీదికి వచ్చి నీ చెయ్యి విరిచాడని, కల్లు కాంపౌండ్‌లో చెప్పుకుని నవ్వుతున్నాడని చెప్పాడు. చెబుతూ వీడు కూడా నవ్వాడు. "సైకిల్ కోసం జైలుకొచ్చినోడివి నువ్వేనా?" అన్నాడు. తల పట్టి నల్లాకు కొట్టాను. ముందు పళ్లు పోయాయి. నన్ను వేరే గదిలో వేశారు. ఇక్కడ గోడ తప్ప ఏమీ లేదు, ఆలోచించుకోవడానికి బాగుంది.

ముందు ఒక్కడే అనుకున్నాను. ఇప్పుడు ఇద్దరు.

ఆ కాలు నీ చేతికి వచ్చినప్పుడు ఇంకొంచెం తిప్పాల్సింది. స్టిక్కర్ కథ చెబితే విని వచ్చావా? చచ్చినవాడు వచ్చి కాదనడు కదా, అందుకే వాడి మీద తోశాడు.

బాలకిషన్


చిక్కడపల్లి,
మే 6

బాలకిషన్‌కు,

చెయ్యి సంగతి దాచాను. చెబితే నువ్వు ఎవరినో ఒకరిని కొడతావని తెలుసు. కొట్టావు.

జరిగింది ఇది. రమాకాంత్ తాగి వచ్చాడు. నా స్కూటీ లైటు పగలగొట్టాడు. అమ్మ తలుపు తీసింది. అమ్మ మీదికి బ్యాటు ఎత్తితే నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఫిర్యాదు ఇచ్చాను, కేసు నడుస్తోంది. ఆ లెక్క కోర్టు చూసుకుంటుంది, నువ్వు కాదు.

ఇక సైకిల్. మా డాక్టరును అడిగి, ఆదివారం సెంటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఫ్రేమును తీసుకెళ్లాను. ప్రేమ్‌సాగర్ కాలు పెట్టిన బల్ల మీదే పెట్టాను. ఎముకలో పాత దెబ్బకూ కొత్త దెబ్బకూ తేడా నాకు తెలుసు. లోహం సంగతి తెలియదు కాబట్టి చదివాను, తెలిసిన ఇంజనీరుకు కూడా చూపించాను. పాత పగులు ఉంటే దాని అంచు నల్లబడి, మట్టి పట్టి ఉంటుంది. కొత్తగా చిరిగింది మెరుస్తుంది.

పులి స్టిక్కర్ కింద ఉన్నది రంగు మీద గీత. లోహానికి ఏమీ కాలేదు. గోరు పెట్టి గీస్తే గోరు ఆగలేదు. ఎక్స్‌రేలో ఆ గొట్టానికి ఎక్కడా పగులు లేదు.

విరిగింది అక్కడ కాదు, మెడ దగ్గర. మెడ కింది అంచు గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా సాగింది. చిరుగు అక్కడే మొదలైంది. మొదటి నుంచి చివరి దాకా మెరుస్తోంది. నువ్వు విప్పేసిన పాత ఫోర్కును అటక మీది నుంచి దించి, కొత్తదాని పక్కన పెట్టాను. కొత్తది జానెడు ఎక్కువ లేదు గానీ, బెత్తెడు కన్నా ఎక్కువే ఉంది. ఈ ఫ్రేముకు ఎంత పొడుగు ఫోర్కు పెట్టొచ్చో దాన్ని చేసిన కంపెనీవాళ్లు హద్దు పెట్టారు. రెండు పట్టీల ఫోర్కు అసలే పెట్టొద్దన్నారు. చక్రానికి తగిలిన ప్రతి దెబ్బా ఆ పొడుగు వల్ల మెడను విరిచే బలం అయిందని ఇంజనీరు చెప్పాడు.

నువ్వు చేసింది పొరపాటు. తమ్ముడికి దెబ్బ తగలకూడదని చేసిన పొరపాటు. అది నేను ఎవరికైనా చెప్పగలను.

కానీ ఒకటి తెలియాలి. పెట్టొద్దని నీకు ముందే ఎవరైనా చెప్పారా? తాను చెప్పానంటున్నాడు ప్రేమ్‌సాగర్. ఏ మాటల్లో చెప్పాడో కూడా నాకు చెప్పాడు. అవి ఇక్కడ రాయను. అతను ఏమన్నాడో నువ్వే రాయి.

ఉదయశ్రీ


జైలు,
మే 19

అక్కా,

వాడి కాలు ఫోటో తీసి వాడి మనిషివి అయిపోయావు.

ఇరవై అంతస్తుల లిఫ్టును తాళ్ల మీద వేలాడదీసేవాడిని నేను. జనం పిల్లల్ని ఎత్తుకుని అందులో ఎక్కుతారు. నాకు సైకిల్‌కు ఫోర్కు బిగించడం రాదా?

ప్రేమ్‌సాగర్ నాతో ఫోర్కు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఉమాకాంత్ మీద ఒట్టు. అమ్మకు కూడా చదివి వినిపించు.

ఇంకోసారి ఈ ప్రశ్న అడిగితే జవాబు రాయను.

బాలకిషన్


చిక్కడపల్లి,
జూన్ 14

బాలకిషన్‌కు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. "చచ్చిపోయిన తమ్ముని మీద ఒట్టేసినోడు అబద్ధం ఎట్లాడతడే? నీ మిషన్లే తప్పు," అంది.

మర్నాడు నాకు చెప్పకుండా నారాయణగూడ వెళ్లింది. దుకాణం ముందు నిలబడి రోడ్డు మీది మట్టి గుప్పిళ్లతో ప్రేమ్‌సాగర్ మొహాన కొట్టింది. అతను చేతికర్రల మీద ఉన్నాడు, వంగలేకపోయాడు. "నా కొడుకును తిన్నవు, నీ ఇల్లు మట్టిల కలుస్తది," అని అరిచిందట. జనం పోగయ్యారు. ఒకడు రాయి విసిరాడు, అది ఆమని నుదుటికి తగిలింది. ఎవరు విసిరారో ఎవరూ చెప్పలేదు. అమ్మ ఇంటికి వచ్చి అన్నం వండింది. ఆమె మీద ఫిర్యాదు ఇవ్వలేదు వాళ్లు. ఎందుకివ్వలేదని ఆమనిని అడిగాను. "కొడుకును పోగొట్టుకున్నది. గామె మీద ఏం కేసేస్తం," అంది.

నీకు బెయిల్ వచ్చింది. షరతు వకీలు చెప్పే ఉంటాడు. కేసు తేలేదాకా నగరంలో అడుగు పెట్టకూడదు. వికారాబాద్‌లో మీ లిఫ్టు కాంట్రాక్టర్ గోదాములో ఉండడానికి ఒప్పుకున్నాడు.

ప్రేమ్‌సాగర్‌కు ఈ సంగతి తెలిసింది. షట్టర్ సగం దించి లోపల కూర్చుంటున్నాడు. నువ్వు నారాయణగూడ వస్తే అతని ప్రాణం పోతుంది, నువ్వు మళ్లీ బయటికి రావు. అమ్మకు నేనొక్కదాన్నే మిగులుతాను. ఇంతకన్నా ఎక్కువ రాయను.

ఉదయశ్రీ


వికారాబాద్,
జులై 2

అక్కా,

గోదాము బాగానే ఉంది. ఫోన్ తీసుకోలేదు. ఇక్కడి నుంచి గుట్ట నడిచే దూరం. ఆదివారాలు వెళ్తున్నాను. ఉమాకాంత్ పడ్డ రాయి మీద వానకు మరకలన్నీ పోయాయి. హైదరాబాద్ నుంచి కుర్రాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు కార్ల మీద సైకిళ్లు కట్టుకుని వస్తారు. ఆ రాయి మీది నుంచే ఎగురుతారు. అది ఎవరిని చంపిందో వాళ్లకు తెలియదు.

పానా ఒకటి కొన్నాను. పొడుగుది.

ప్రేమ్‌సాగర్ షట్టర్ పూర్తిగా దించేది ఎన్నింటికో రాయి. రాయకపోయినా తెలుసుకుంటాను. అమ్మ చేతి మట్టితో అయ్యేది కాదది.

బాలకిషన్


చిక్కడపల్లి,
జులై 24

బాలకిషన్‌కు,

నీ ఉత్తరం అందిన రోజే దాన్ని తీసుకెళ్లి ప్రేమ్‌సాగర్‌కు చూపించాను. ఆ రాత్రికే వాళ్లు ఇల్లు వదిలి వెళ్లిపోయారు. ఎక్కడికో నేను అడగలేదు. నువ్వు నన్ను కొట్టినా చెప్పలేకుండా ఉండాలని.

రెండు వారాలు నారాయణగూడ నుంచి ఫోన్ వస్తుందని చూశాను. వికారాబాద్ నుంచి వచ్చింది. అక్కడి ఎస్సై నాకు ఫిర్యాదు చదివి వినిపించాడు. ఇచ్చింది మియాపూర్‌లో ఉండే ఒక ఉద్యోగి. పాత డౌన్‌హిల్ సైకిల్ కొని, మొన్న ఆదివారం మొదటిసారి గుట్టకు తెచ్చాడట. నువ్వు బండ వెనక నుంచి వచ్చి హ్యాండిల్ పట్టుకున్నావు. ఫోర్కు ఎప్పుడు మార్చావని అడిగావు. పోయిన నెల, తక్కువలో దొరికిందన్నాడు. దిగమన్నావు. దిగలేదు. మెడ పట్టి లాగి కింద పడేశావు. అతని భుజం ఎముక విరిగింది. ఆ తరవాత పానాతో ఆ సైకిల్ మెడ సొట్టలు పోయి, ఫోర్కు వంగేదాకా కొట్టావు. అతని స్నేహితులు నిన్ను రాళ్లతో కొట్టారు. నువ్వు వాళ్ల వైపు తిరగలేదు, సైకిల్‌నే కొడుతూ ఉన్నావు. బెయిల్ రద్దయింది.

కొడుతూ నువ్వు ఒకే మాట అరిచావట. అందులో మన నారాయణగూడ సదర్ ఉంది, దీపావళికి దున్నపోతులను ఆడించే పండగ. ఆ మనిషికి అది అర్థం కాలేదు. పిచ్చివాడి మాట అనుకుని, గుర్తున్నది గుర్తున్నట్టు ఫిర్యాదులో రాయించాడు. "ఈ ఫ్రేముకు గీ ఫోర్కు పెట్టకు. సదర్ల దున్నపోతును కొమ్ములు పట్టి మెడ తిప్పినట్టయితది."

ఎస్సైని ఇంకోసారి చదవమన్నాను.

ఏప్రిల్‌లో ప్రేమ్‌సాగర్ బల్ల మీద పడుకుని, నీకు ఏం చెప్పాడో నాకు చెప్పాడు. ఆ మాటలు నీకు రాయనన్నాను. రాయలేదు. అమ్మకు కూడా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు ఫోర్కు కొనబోతున్నావని ఉమాకాంత్ చెబితే, ప్రేమ్‌సాగర్ నీతో అన్నాడట: "అన్నా, ఈ ఫ్రేముకు గా ఫోర్కు పెట్టకు. సదర్ల దున్నపోతును కొమ్ములు పట్టి మెడ తిప్పినట్టయితది." నువ్వు నవ్వి, "నీ దగ్గర కొనలేదని కడుపుమంటనా?" అన్నావట.

నువ్వు ఏమీ రాయక్కర్లేదు. నేను అడగడం లేదు.

ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేసి, ఇంటికి వచ్చేయమన్నాను. నిన్న దుకాణం తీశాడు. షట్టర్ పైదాకా ఎత్తి ఉంది, చూసి వచ్చాను.

అమ్మకు ఇంకా తెలియదు. బజారులో మట్టి పట్టుకున్న చేత్తోనే రోజూ ఉమాకాంత్ ఫోటోకు దీపం పెడుతోంది.

ఉదయశ్రీ


జైలు,
ఆగస్టు 3

అక్కా,

పక్కటెముకలకు కట్టు వేశారు. గట్టిగా ఊపిరి పీలిస్తే నొప్పి. ఉమాకాంత్‌కు కూడా ఇక్కడే తగిలింది.

ఆ మియాపూర్ మనిషి భుజం అతుక్కుందేమో కనుక్కో. ఫోర్కు అమ్మితే, కొన్నవాడు దాన్ని ఏ ఫ్రేముకు పెడుతున్నాడో చూసి అమ్ము. లేకపోతే కోయించెయ్యి.

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించు. చచ్చిపోయినవాడి మీద వేసిన ఒట్టును వెనక్కి తీసుకునే పద్ధతి ఏదైనా ఉందేమో అడుగు. ఉంటే జైల్లో ఉండి కూడా చేయొచ్చేమో అడుగు.

బాలకిషన్